మూడునాళ్ల ముచ్చట

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమను సామెత నెరుగని సోదరీమణి మనలో నుండదు. నేటి చలనచిత్ర వ్యాపారమును జూచునపుడు ఆ సామెత మాటిమాటికి జ్ఞప్తికి వచ్చుచుండును. ఒక చిత్రము ఇంకను తెరమీదికి రాకమునుపే, అది మొదటి శుక్ర, శని, ఆదివారములలో ఎంత ధనము నార్జించునో లెక్కగట్టి పత్రికలలో ప్రకటించుట అమెరికా దేశమున నొక వృత్తిగా పెరిగినది. ఆ వాడుక మన తెలుగునాటికిని ప్రాకినది. ఇంటిలోని పిల్లవాడు భోజనమువేళ "మొదటిరోజున ఇన్ని కోట్లట!" యని చెప్పుచుండగా తల్లులు వినుచునే యున్నారు. ఈ జోస్య మెట్లు చెప్పబడునో, అది దేనిని తెలుపునో, దేనిని తెలుపజాలదో ఈ మాసమున మన పాఠకురాండ్రకు విన్నవింపదలచితిమి.

ఈ లెక్క చిత్రములు పుట్టిననాటినుండి యున్నది కాదు. పూర్వ మమెరికాలో పెద్ద చిత్రములనేకము మొదట కొన్ని పట్టణములలో మాత్రమే ఆడి, అచటి పేరు విన్నపిమ్మట క్రమముగా చిన్న యూళ్లకు పోయెడివి. 1975 జూను 20వ తేదీన 'జాస్' అను చిత్రము నాలుగువందలకు పైగా చిత్రశాలలలో ఒకేనాడు విడుదలయ్యెను. దానికి ముందు టెలివిజనులో విరివిగా ప్రకటనలు చేసిరి. ఆ చిత్రమునకు కలిగిన విజయమును జూచి తక్కినవారును ఆ త్రోవనే పట్టిరి. నేడచట పెద్ద చిత్రము నాలుగువేలకు పైగా చిత్రశాలలలో నొక్కసారి దిగుచున్నది. ప్రకటనల సొమ్ములో నధికభాగము మొదటి యాటకు ముందే వ్యయమగును గనుక, మొదటి మూడుదినములు గడుచువరకు నిర్మాతకు కంటికి కునుకు రాదు. ఆ యాందోళనమునుండియే ఈ జోస్యశాస్త్రము పుట్టినది.

జోస్యము చెప్పు విధ మిట్టిది. విడుదలకు మూడు నాలుగు వారములముందు కొందరిని పిలిచి మూడు ప్రశ్నలడుగుదురు. ఈ చిత్రము పేరు వింటిరా? చూడవలెనని కోరిక కలదా? రాబోవు చిత్రములన్నిటిలో మొదట దీనినే చూతురా? ఉత్తరము లిచ్చినవారిని పురుషులు, స్త్రీలు, ఇరువదియైదేండ్లకు లోబడినవారు, పైబడినవారు అని నాలుగు పాళ్లుగా విభజింతురు. తరువాత, ఇంతకుముందు వచ్చిన అట్టి చిత్రము లెంత యార్జించెనో పోల్చిచూతురు. ముందుగా అమ్ముడైన టిక్కెట్లను లెక్కింతురు. గురువారము రాత్రి యాటల రాబడినిబట్టి శుక్రవారమును, శుక్రవారమునుబట్టి తక్కిన రెండు దినములను అంచనా వేయుదురు. ఇందొక వింత కలదు. మూడుదినముల మొత్తమును ఆదివారము ఉదయముననే ప్రకటింతురు. ఆనాటి సాయంకాలపు టాటలు ఇంకను జరుగలేదు! ఆ యంకెలో నొక భాగము రాబడి కాదు, ఊహ మాత్రమే. సరియైన లెక్క సోమవారమునగాని తేలదు.

ఈ శాస్త్రము వట్టి బూటకమని మే మనము. చిత్రశాల యజమానికి ఎన్ని యాటలు వేయవలెనో, ఎందరు పనివారిని నిలుపవలెనో ముందు తెలియుట యవసరమే. పెండ్లివారింట వంటకు బియ్యము కొలుచువారు వచ్చు చుట్టముల నంచనా వేయరా? అట్టిదే ఇదియును. అయితే ఈ యంచనాకొక పెద్దలోపము కలదు. అది వెనుకటి దానిని జూచి ముందరిదానిని కొలుచును. వెనుక లేనిదానికి దానియొద్ద కొలపాత్ర లేదు.

ఈ లోపము స్త్రీల విషయమున స్పష్టముగా బయటపడినది. 2023 జూలై 21వ తేదీన గ్రెటా గెర్విగ్ అను స్త్రీ దర్శకత్వమున 'బార్బీ' యను చిత్రము విడుదలయ్యెను. కొన్ని వారములముందు వేసిన అంచనాలు పదికోట్ల డాలర్లకు అటునిటుగా నుండెను. తీరా చూడగా ఉత్తర అమెరికాలో మూడుదినముల రాబడి 16 కోట్ల 20 లక్షల డాలర్లు! చూడవచ్చినవారిలో ఎక్కువమంది స్త్రీలే. తల్లులు, కూతుండ్రు, చెలికత్తెలు గులాబివన్నె దుస్తులు ధరించి గుంపులుగా వచ్చిరి. స్త్రీలకొరకు ఇంత పెద్దయెత్తున చిత్రములు తీసిన యలవాటు లేకపోవుటచేత, వారెందరు వత్తురో పోల్చుకొనుటకు పూర్వపు లెక్కలు చాలకపోయెను. పిలువని చుట్టమునకు విస్తరి వేయకుండుట సహజమే గదా!

ఇంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. జోస్యము సరిపోయినను అది చెప్పున దేమి? 2016 మార్చిలో 'బ్యాట్‌మన్ వర్సెస్ సూపర్‌మన్' అను చిత్రము వచ్చినది. మొదటి మూడుదినములలో దానికి వచ్చినది 16 కోట్ల 60 లక్షల డాలర్లు. అనగా బార్బీకంటె కొంచె మెక్కువయే. కాని రెండవవారమున దాని రాబడి మూడింట రెండుపాళ్లకు పైగా పడిపోయినది. ఉత్తర అమెరికాలో తుదకు చేరినది 33 కోట్లు. అనగా మొదటి మూడుదినములలోనే సగము ముగిసినది. బార్బీ యన్ననో అచటనే 63 కోట్లను మించినది. మొదటిరాత్రి ప్రేక్షకులు బయటికి వచ్చునపుడు వారిచేత మార్కులు వేయించు సినిమాస్కోర్ అను సంస్థ యొకటి యున్నది. ఆ ప్రేక్షకులు మొదటి చిత్రమునకు 'బి' యనియు, రెండవదానికి 'ఎ' యనియు నిచ్చిరి. మొదటి మూడునాళ్ల యంకెలలో కానరాని భేద మా రెండక్షరములలో నున్నది.

మెల్లగా నడచి దూరము పోయిన చిత్రములును కలవు. 1997లో 'టైటానిక్' మొదటి మూడుదినములలో 2 కోట్ల 86 లక్షల డాలర్లే తెచ్చినది. అయినను వరుసగా పదునైదు వారములు ప్రథమస్థానమున నిలిచి, ఉత్తర అమెరికాలో 60 కోట్లకు చేరినది. 2002లో నియా వర్డాలోస్ అను నటి తాను వ్రాసి నటించిన 'మై బిగ్ ఫ్యాట్ గ్రీక్ వెడ్డింగ్' అను చిన్న చిత్రము 108 చిత్రశాలలలో ఆరంభమై, మొదటి మూడుదినములలో ఆరులక్షల డాలర్లైనను పూర్తిగా తేలేదు. ఒక్కవారమైనను ప్రథమస్థానము నెరుగక, తుదకు 24 కోట్ల డాలర్లు గడించినది. ఒక వధువు, వరుడు, వధువు వైపు బలగము: ఇదియే కథ. చూచినవారు ఇంటికి పోయి చెప్పిరి; విన్నవారు వచ్చిరి.

మన తెలుగుదేశమున నీ సంగతి క్రొత్తది కాదు. 1980లో విడుదలైన 'శంకరాభరణము'నకు మొదటి దినములలో జనులు పలుచగా వచ్చిరి. పిమ్మట ఆ నోట ఈ నోట పాకి ఎంతటి ఘనత నొందినదో చెప్పనక్కరలేదు. మొదటి మూడునాళ్లను జూచి దానిని తీసివేసియుండినచో మన కెంత నష్టము! నేడు అట్టి యోపిక చిత్రశాలలకు తగ్గినది. మొదటి ఆదివారపు టంకె చిన్నదైనచో రెండవ శుక్రవారమునకు ఆటలు తగ్గించి వేరొక చిత్రమున కిత్తురు. ఇంటిపని చక్కబెట్టుకొని, పిల్లల పరీక్షలు గడచినపిదప పోదమనుకొన్న గృహిణి పోవునప్పటికి ఆ చిత్ర మచట నుండదు.

మన విందులలో బంతులు తీర్చుట యెల్లరకు తెలిసినదే. మొదటి బంతిలో కూర్చుండువారు వంట రుచి యెరిగి కూర్చుండరు. పిలుపునకును, ఆకలికిని వచ్చినవారు వారు. వారిని లెక్కించినచో పిలుపు బలము తెలియునుగాని వంట మంచిచెడ్డలు తెలియవు. ఆ సంగతి రెండవ బంతి చెప్పును. కడపటి బంతి తరచుగా స్త్రీలది. మూడునాళ్ల లెక్కతో తీర్పు ముగించువారు కడపటి బంతివారిని లెక్కలోనికే తీసికొనుటలేదు.

అంకెలకై పడు ఆరాటము వట్టి వ్యాపారపు మాటయై పోయిన మే మింతగా వ్రాయకపోదుము. 2024 డిశంబరు 4వ తేదీ రాత్రి హైదరాబాదు ఆర్.టి.సి. చౌరస్తాలోని యొక చిత్రశాలయొద్ద, మరునాడు విడుదల కానున్న 'పుష్ప 2' ముందస్తు ఆటకు జనులు విరగబడగా, ఆ త్రొక్కిసలాటలో ఒక తల్లి మరణించెను. ఆమె కుమారునికి ప్రాణాపాయ మేర్పడెను. ఆ చిత్రము తొలినాడు ప్రపంచమంతట 294 కోట్ల రూపాయలు తెచ్చినదని నిర్మాతలు ప్రకటించిరి. ఆ తల్లి మరణమునకు ఆ యంకెయే కారణమని మే మనుటలేదు. కాని అందరును మొదటిరాత్రియే చూచి తీరవలెనను తొందర తనంతట పుట్టినది కాదు, అది పెంచబడినది. ప్రభుత్వముల యనుమతితో మొదటిదినములలో టిక్కెట్టు ధర పెంచుట మన రెండు తెలుగు రాష్ట్రములలోను పలుమారులు జరిగినది. అధికమైన ధరయు, అధికమైన రద్దీయు, అధికమైన అపాయమును ఆ మొదటి దినములకే చేరుచున్నవి. పదిదినములు ఆగినవారికి చిత్ర మదియే, కథ యదియే.

కావున సోదరీమణులకు మా మనవి యిది. మీ పిల్లలు మొదటిరోజు కోట్లను చెప్పునపుడు వారిని కసరవలదు. "రెండవవారమున నెంత?" యని యడుగుడు. సగము నిలిచినదా, మూడవవంతే మిగిలినదా యని వారిచేతనే లెక్క కట్టింపుడు. తెలుగు చిత్రముల విషయమున ఆ యంకె నిర్మాతలు తమ ప్రకటనలలో తామే వేసికొన్నదా, వేరొకరు లెక్కించినదా యనికూడ విచారింపుమనుడు. గణితమును వచ్చును, వివేకమును వచ్చును. అర్ధరాత్రి యాటలకు పసివారిని వెంటబెట్టుకొని పోవలదు. మంచిచిత్రమును చూచినచో ఇరుగుపొరుగువారికి వెంటనే చెప్పుడు. రెండవవారమున చిత్రమును నిలుపునది అట్టి మాటయే. మొదటి శుక్రవారము ప్రకటనకర్తలది కావచ్చును. రెండవ శుక్రవారమును మాత్రము మనము మన చేతిలో నుంచుకొందము.