రవిక ఇచ్చారు, పైట ఇవ్వలేదు

తిరువాన్కూరు నాడార్ స్త్రీల పోరాటం గురించి మన శిక్షణా తరగతుల్లో చెప్పేటప్పుడు 'రొమ్ములు కప్పుకునే హక్కు కోసం పోరాడారు' అని ఒక్క వాక్యంలో తేల్చేస్తున్నాం. సానుభూతితోనే అంటున్నా, ఆ మాటలో 'మానం' అనే పాత భావజాలమే చొరబడుతోందని నా అభ్యంతరం. ఆనాటి బట్టల పేర్లు శ్రద్ధగా చూస్తే అసలు తగువు వేరేచోట ఉంది.

ఇప్పటి కన్యాకుమారి జిల్లా అప్పుడు తిరువాన్కూరు సంస్థానంలో ఉండేది. అక్కడ కుప్పాయం అంటే సిరియన్ క్రైస్తవ, మాప్పిళా స్త్రీలు తొడుక్కునే కుట్టిన రవిక. (మన పాత తెలుగులో కుప్పసం, కుబుసం అన్నా ఇలాంటిదే. కుబుసం ఇప్పుడు పాముకే మిగిలింది.) తోళ్‌శీలై వేరు. అది భుజం మీదుగా వేసుకునే పైబట్ట, నాయర్ స్త్రీలది. ఆ నాయర్ స్త్రీలు కూడా నంబూద్రి ఎదుట దాన్ని తొలగించి గౌరవం చూపాలి. అంటే కప్పుకోవడం సిగ్గుకు సంబంధించింది కాదు, ఎవరు ఎవరికి లోబడాలన్న లెక్కకు సంబంధించింది.

మతం మారిన నాడార్ స్త్రీలు కుప్పాయం తొడుక్కోవడానికి 1814లోనే సర్కారు ఒప్పుకుంది. ఒళ్లు కప్పుకోవడమే సమస్య అయితే కథ అక్కడే ముగియాలి. కానీ వాళ్లు కుప్పాయం మీద పైబట్ట కూడా వేసుకున్నారు. బజార్లలో వాళ్ల బట్టలు లాగి చించారు. బడులు, ప్రార్థనాలయాలు తగలబెట్టారు. 1829లో రాణి గౌరీ పార్వతీబాయి ప్రకటన రవికకు సరేనని, పైబట్టను నిషేధించింది. దీన్ని పైకులాల అనుకరణగా చూసే సామాజిక శాస్త్రజ్ఞులున్నారు. నిషేధించిన బట్ట వేసుకుని, కొడతారని తెలిసీ సంతకు వెళ్లడం అనుకరణ ఎలా అవుతుంది?

1858లో మళ్లీ దాడులు జరిగాయి. మద్రాసు గవర్నర్ చార్లెస్ ట్రెవెల్యన్ ఒత్తిడి మీద 1859 జూలై 26న మహారాజా మరో ప్రకటన చేశాడు. దీన్నే మనం విజయమని రాస్తున్నాం. అందులో ఉన్నది ఇదీ: ఏ మతం వాళ్లయినా రవిక తొడుక్కోవచ్చు, జాలరి స్త్రీల్లా ముతకబట్ట చుట్టుకోవచ్చు, ఎలాగైనా కప్పుకోవచ్చు, పైకులాల స్త్రీల్లాగా మాత్రం కాదు.

తొమ్మిదో తరగతి చరిత్ర పుస్తకంలో ఈ సంగతి కొంత ఉండేది. ఆ భాగం చదవనక్కర్లేదని 2016లో సీబీఎస్‌ఈ ఉత్తర్వు ఇచ్చింది. 2019లో ఎన్‌సీఈఆర్‌టీ ఆ అధ్యాయాన్నే తీసేసింది. ఇక మన నోటి మాటగానే పిల్లలకు చేరాలి. చెప్పేటప్పుడు ఆ రెండు బట్టల పేర్లూ చెప్పండి.