దవడలో స్క్రూ ఎవరికి అవసరం?

ఎత్తుపళ్ళు సరిచేయించుకోవడానికి వెళ్ళినవాళ్ళు నాలుగు పళ్ళు తీయాలన్నా, రెండేళ్ళు క్లిప్పులు ఉంచాలన్నా ఎలాగో సర్దుకుంటారు. దవడ ఎముకలో స్క్రూ పెడతామంటే మాత్రం ఉలిక్కిపడతారు. నా మటుకు స్క్రూ పెట్టడం చిన్న విషయం. దాని బలంతో పళ్ళను ఎంత దూరం లాగుతారన్నది పెద్ద విషయం.

పై పళ్ళూ కింది పళ్ళూ రెండూ ముందుకొచ్చి, పెదాలు కష్టంగా మూతపడే ముఖాలు మన దక్షిణాదిలో చాలానే కనిపిస్తాయి. కోరపన్ను వెనక ఉండే పన్నును నాలుగు వైపులా తీసేసి, ఆ ఖాళీలోకి ముందుపళ్ళను జరపడం దీనికి మామూలు వైద్యం. ఒక్కో ఖాళీ సుమారు 7 మిల్లీమీటర్లు. అయితే ముందుపళ్ళను లాగే బలానికి వెనకాల దవడపళ్ళే ఆసరా. పడవలో కూర్చుని తాడుతో ఇంకో పడవను లాగితే రెండూ కదులుతాయి. గట్టున పాతిన గుంజకు కట్టి లాగితే ఆ పడవ ఒక్కటే వస్తుంది. నోట్లోనూ అంతే. దవడపళ్ళు ముందుకు జరిగి ఆ ఖాళీలో సగం మింగేస్తే, నాలుగు మంచి పళ్ళు పోయినా మూతి అనుకున్నంత తగ్గదు.

ఇది పాత డాక్టర్లకు తెలియని సంగతేమీ కాదు. తలకో మెడకో పట్టీ వేసి బయటినుంచి ఆసరా తెచ్చే హెడ్‌గేర్ 19వ శతాబ్దం నాటిది. అంగిలికి అడ్డంగా రెండు పక్కల దవడపళ్ళనూ కలిపే తీగ, అంగిలికి ఆనుకునే ప్లాస్టిక్ బిళ్ళ కూడా ఆ ఆసరా కోసమే పుట్టాయి. హెడ్‌గేర్ రోజుకు 12 గంటలైనా పెట్టుకుంటేనే పనిచేస్తుంది. బడికెళ్ళే పిల్లలు దాన్ని పెట్టుకోరు, పెట్టుకున్నామని డాక్టరుతో చెబుతారు. రెండేళ్ళ తర్వాత ఫలితం నిజం చెబుతుంది. ఎముకలో పాతిన గుంజలా నిలిచి ఈ భారం పిల్లల మీదినుంచి దించడమే స్క్రూ చేసిన అతిపెద్ద మేలని నేననుకుంటాను.

స్క్రూ ఆలోచన పాతదే. 1945లో గెయిన్స్‌ఫోర్త్, హిగ్లీ అనే పరిశోధకులు కుక్కల దవడల్లో స్క్రూలు పెట్టి చూస్తే అవి నెల రోజులు నిలవడమే గగనమైంది. 1983లో క్రీక్‌మోర్, ఎక్లండ్ అనే వైద్యులు ముక్కు కింది ఎముకలో ఒక స్క్రూ పెట్టి ముందుపళ్ళను సుమారు 6 మిల్లీమీటర్లు పైకి ఎక్కించగలిగారు. 1997లో జపాన్ వైద్యుడు కనోమి 1.2 మిల్లీమీటర్ల మందం ఉన్న బుల్లి స్క్రూను పరిచయం చేశాకే ఇది రోజువారీ వైద్యంలోకి వచ్చింది. చిగురుకు కొద్దిగా మత్తిచ్చి, రెండు పళ్ళ వేళ్ళ మధ్య కొన్ని నిమిషాల్లో పెట్టేస్తారు. ఎముక పైపొర గట్టిగా పట్టుకోవడం వల్లే అది నిలబడుతుంది కాబట్టి, పని అయ్యాక తీయడమూ తేలికే.

ఇక రెండో వైపు. పరిశోధనలను కలిపి లెక్కిస్తే నూటికి 13 దాకా స్క్రూలు వదులై ఊడిపోతున్నాయి. వేరుకు మరీ దగ్గరగా పెట్టినా, కదిలే చిగురులో పెట్టినా, బ్రష్ చేయడంలో అశ్రద్ధ చేసినా ఆ ముప్పు పెరుగుతుంది. పిల్లల్లో ఎముక ఇంకా మెత్తగా ఉంటుంది గనుక పట్టు తక్కువ. ఊడితే ఇంకోచోట పెట్టొచ్చు. ఖర్చు, చిరాకు తప్ప పెద్ద నష్టం లేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది స్క్రూ పనిచేయకపోవడం కన్నా బాగా పనిచేయడమే. పూర్వం దవడపళ్ళు జారడమే ఒక అడ్డుకట్ట. ఇప్పుడు ఆ 7 మిల్లీమీటర్లూ ముందుపళ్ళతోనే నింపేయొచ్చు. కానీ వాటి వెనక ఎముకకు ఒక హద్దుంది. వేళ్ళు ఆ గోడకు తగిలేదాకా లాగితే వేరు కొసలు అరిగిపోవచ్చు. తీగ సంగతీ ఇక్కడే తేలుతుంది: మొదట్లో వంకరలు సరిచేసే సన్నని నికెల్ టైటానియం తీగ మీదే లాగితే పళ్ళు జరగడానికి బదులు లోపలికి వాలిపోతాయి. మందమైన పలకల స్టీలు తీగ దాకా వచ్చి, తక్కువ బలంతో, నెలకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున జరపడానికి ఓపిక కావాలి. ముఖం సంగతి కూడా ఆలోచించాలి. వయసుతో పెదాలు పలచబడతాయి. ఇరవై ఏళ్ళప్పుడు అందంగా తోచిన చదునైన మూతి యాభై ఏళ్ళకు లోపలికి పోయినట్టు కనిపించవచ్చు.

ఒక్కచోట మాత్రం నేను సందేహం లేకుండా స్క్రూ పక్షమే. పళ్ళు కరిచినా ముందుపళ్ళు కలవని పెద్దవాళ్ళకు ఒకప్పుడు దవడ ఆపరేషనే పెద్ద దిక్కు. స్క్రూ సాయంతో వెనక పళ్ళను ఒక మిల్లీమీటరు లోపలికి నొక్కితే ముందు సందు రెండు మూడు మిల్లీమీటర్లు మూసుకుంటుంది. కొంత మళ్ళీ తెరుచుకోవడం ఉంది, అది ఎక్కువగా మొదటి ఏడాదిలోనే. అయినా ఎముక కోయించుకోవడంతో పోలిస్తే ఇది ఎంతో నయం. కానీ ఎదిగే వయసు పిల్లలకు కింది దవడే చిన్నదైతే పై పళ్ళను స్క్రూలతో వెనక్కి లాగడానికి నేను ఒప్పుకోను. ఆ వయసులో కింది దవడను ముందుకు తెచ్చే ట్విన్ బ్లాక్ లాంటి పరికరంతో ముందు ప్రయత్నించాలి.

మిగతా అందరూ డాక్టరును ఒక లెక్క అడగాలి: ఆ 7 మిల్లీమీటర్లలో ముందుపళ్ళకు ఎంత, దవడపళ్ళకు ఎంత? ముందుపళ్ళు నాలుగు మిల్లీమీటర్లు వెనక్కి వస్తే చాలనుకుంటే, దవడపళ్ళు మూడు మిల్లీమీటర్లు ముందుకు రావడంలో తప్పేమీ లేదు. ఆ పనికి అంగిలి తీగ సరిపోతుంది.