కషాయం ఉండగా టీకా ఎందుకు?

కషాయాన్నే నమ్మి ఫ్లూ టీకా మానిన నా వృద్ధ రోగి ఒకరు న్యుమోనియాతో మంచం పట్టారు. శొంఠి, మిరియాలు దగ్గుకు ఉపశమనమిస్తాయి. ఆ వైరస్‌ను ఎదిరించే వ్యాధిక్షమత్వాన్ని ఇవ్వవు. గురుకులంలో చదివిన నేను ఈ మాట చెప్పడానికి సంకోచించను.

నిర్జీవ టీకాలు పలు విధాలు. పూర్వం చంపిన వైరస్‌ను మొత్తంగా ఇచ్చేవారు. పిల్లలకు జ్వరం ఎక్కువగా వచ్చేది. ఆపై దానిని ఛేదించిన ‘స్ప్లిట్’, ఉపరితల ప్రోటీన్లను శుద్ధిచేసిన ‘సబ్‌యూనిట్’ వచ్చాయి. వీటిలో ఏది మేలన్న తర్జనభర్జన అనవసరం. వృద్ధులు విచారించవలసింది మోతాదును. సాధారణ టీకాలో ఒక్కొక్క వైరస్ రకానికి 15 మైక్రోగ్రాముల హీమాగ్లుటినిన్ ఉంటుంది, అధిక మోతాదులో 60. వార్ధక్యంలో శరీరం మందంగా స్పందిస్తుంది కనుక, 65 ఏళ్లు నిండినవారికి ఇటువంటిదానికి, లేదా స్క్వాలీన్ తైలం చేర్చినదానికి (మన అనుపానం వంటిదే) ప్రాధాన్యమివ్వాలని 2022లో అమెరికాలో సిఫారసు చేశారు. అవి లభించకుంటే సాధారణ టీకానే ఏటా వేయించుకోండి. కషాయం మానవలసిన పని లేదు.