వంటింటి గడప త్రొక్కని చట్టము



ఏటేట జనవరిలో ఆపరేషన్ స్మైల్ పేరను, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరను తెలంగాణ పోలీసువారు ఇటుకబట్టీలను, కార్ఖానాలను, హోటళ్ళను గాలించి పిల్లలను విడిపించుచున్నారు; ఆ కృషి శ్లాఘనీయము. అయినను అపార్టుమెంటులోని వంటగది తలుపు తట్టు అధికారి అరుదు. అచ్చట ఒక బాలిక తెల్లవారకమునుపే లేచి, అంట్లు తోమి, తన యీడు పిల్ల పుస్తకాల సంచిని బడిబస్సు దాక మోసి, రాత్రి గ్యాసుపొయ్యి ప్రక్కనే చాప పరచుకొనుచున్నది. ఆమె జీతము ఊరిలో తండ్రికి అడ్వాన్సిచ్చిన దళారి పద్దులో జమయగును. అడిగినచో ఇంటివారు ‘మా పిల్లవలెనే చూచుకొనుచున్నా’మందురు. కన్నపిల్లను బడి మాన్పించి అంట్లు తోమించువారెవరు?

1986 నాటి బాలకార్మిక చట్టపు నిషేధములో ఇంటిపని చేరుటకు 2006 అక్టోబరు 10 వరకు వేచియుండవలసివచ్చినది. 2016 నాటి సవరణ, కుటుంబవృత్తులు మొదలగువానిని మినహాయించి, 14 ఏండ్లలోపు వారిని ఏ పనియందును నియోగింపరాదని శాసించినది. 14 నిండి 18 నిండనివారికి మాత్రము అపాయకరములైన పనులనుండియే రక్షణ కల్పించినది. ఆ పనుల పట్టికలో గనులున్నవి, ప్రేలుడు పదార్థములున్నవి, ఇంటిపని లేదు. విద్యాహక్కు చట్టము సైతము 14 ఏండ్లు నిండగనే ఆ బాలిక చేయి విడుచుచున్నది. చట్టములోని ఈ సందును దళారులు బాగుగా నెరుగుదురు.

గనిని శాసించుట సులభము, అది పరులది. ఇంటిపనిని శాసించుటయన్ననో, ఉద్యోగులు, వైద్యులు, న్యాయవాదులు, ప్రజాప్రతినిధులు తమ గృహములను తనిఖీకి ఒప్పగించుటయే; చట్టపు జాప్యమునకు మూలమిదియే. ఇంటిపనివారి హక్కులపై 2011లో వెలసిన అంతర్జాతీయ కార్మికసంస్థ 189వ ఒడంబడికను భారతదేశము నేటికిని ఆమోదింపలేదు.

పేదరికము తీరినగాని బడి సాధ్యము కాదనువారు రంగారెడ్డి జిల్లాను చూడవలెను. బడి వెలుపలనున్న ప్రతి బిడ్డయు బాలకార్మికుడేయని శాంతా సిన్హా గారి నాయకత్వమున ఎం.వి. ఫౌండేషన్ పట్టుబట్టి, శిబిరములలో చదువు చెప్పించి, వేలాది పిల్లలను తరగతిగదికి చేర్చినది.

కావున 18 ఏండ్లలోపు వారందరికిని ఇంటిపనిని అపాయకర వృత్తిగా ప్రకటింపుడని ప్రభుత్వమును కోరుచున్నాము. విడిపించిన బాలికను ఊరి బస్సెక్కించి చేతులు దులుపుకొనినచో దళారి మరల ఆమె ఇంటి గుమ్మముననే నిలుచును. ఎగవేసిన జీతమును యజమానినుండి రాబట్టవలెను, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములో ఆమెకు చోటు చూపవలెను, జరిమానా జమయైన ప్రతి బిడ్డ పేరను చట్టప్రకారము చేర్చవలసిన 15,000 రూపాయలను జాప్యము లేక చేర్చవలెను.

మీ అపార్టుమెంటు సంఘ సమావేశమున ఈ విషయమునే మొదట చర్చింపుడు. ఎదురింటి పనిపిల్ల బడికి పోవుటలేదని తెలిసినచో, పొరుగువారితో పేచీ యని జంకక, పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేయుడు.