మలక్కాలో ఒక శనివారం

కౌలాలంపూర్ నుంచి మలక్కా సుమారు 150 కిలోమీటర్లు. పొద్దున్నే ఇడ్లీలు కట్టుకుని బయలుదేరితే రెండు గంటల్లో నది ఒడ్డున ఉండవచ్చు. మన సభ్యుల్లో చాలామంది ఎర్రగోడల డచ్చి భవనం ముందు ఫొటో దిగి, చెండోల్ తాగి, పడవెక్కి వచ్చినవారే. మేమూ ఆ మూడూ చేశాం. పడవ ప్రయాణం ముప్పావు గంట. మిట్టమధ్యాహ్నం ఎండలో మాత్రం ఎక్కకండి. ఇది వైద్య సలహా, ఫీజు లేదు.

ఈ ఊరిని 1511లో పోర్చుగీసులు సుల్తాను దగ్గర, 1641లో డచ్చివారు పోర్చుగీసుల దగ్గర లాక్కున్నారు. 1824 ఒప్పందంలో, సుమత్రాలోని బెంకూలెన్‌కి బదులుగా, ఇంగ్లీషువారికి దక్కింది. అందరికీ కావలసినవి మసాలా దినుసులు. అవి కొనడానికి కావలసింది మన కోస్తా బట్ట. డచ్చివారు మచిలీపట్నంలో కొఠీ పెట్టింది అందుకే. కొండమీద పాత చర్చిలో గోడలకి ఆనించిన డచ్చి సమాధి రాళ్ళు చూస్తే, విశాఖలో మెడిసిన్ చదివే రోజుల్లో చూసిన భీమిలి సమాధులు గుర్తొచ్చాయి. అదే కంపెనీవాళ్ళు మరి.

కింద కంసాలి వీధిలో 1781 నాటి వినాయకుడి గుడి, దాని పక్కనే 1748లో వెలసిన కంపుంగ్ క్లింగ్ మసీదు. క్లింగ్ అన్న మాట కళింగం నుంచి వచ్చిందంటారు. ఒకప్పుడు సముద్రం దాటి వచ్చిన మనవాళ్ళకి అది పేరు. ఇప్పుడిక్కడ అది తిట్టు.

తర్వాత గాజా బెరాంగ్ అనే పేటకి వెళ్ళాం. మలక్కా చెట్టీలు ఉండేది అక్కడే. సుల్తానుల కాలంలో కోరమాండల్ తీరం నుంచి, ముఖ్యంగా తమిళదేశం నుంచి, వచ్చిన వర్తకుల సంతతి వారు. ఇక్కడి పిల్లల్ని పెళ్ళాడారు, ఇంటి భాష మలాయ్ అయింది, ఆడవాళ్ళ కట్టు సారోంగ్, కెబాయా అయింది. దేవుళ్ళు మాత్రం మారలేదు.

గుడి అరుగుమీద ఒక పెద్దావిడ పలకరించింది. మా మలాయ్ "ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ళ నుంచి" దాకానే. బళ్ళో మలాయ్ చదివే మా తొమ్మిదేళ్ళ అమ్మాయే దుబాసీ అయింది. పొంగల్ ముందురోజు ఏం చేస్తారని అడిగితే ఆవిడ నోట "భోగి" అన్న మాట వినపడింది. దానికి దుబాసీ అక్కరలేకపోయింది. ఆ రోజు అరిటాకుల్లో పెద్దలకి వడ్డిస్తారట. మనం సంక్రాంతినాడు పెడతాం, వాళ్ళు భోగినాడు. పాత భాష వచ్చునా అని అడిగించాం. పూజలో నాలుగు మాటలు, అని నవ్వేసింది. ఆవిడకి లేని విచారం మాకు పట్టుకుంది.

మా ఇంట్లో మేం తెలుగులో అడిగితే అమ్మాయి ఇంగ్లీషులో జవాబు చెబుతుంది. వాళ్ళకి తరాలు పట్టిన పని మాకు పన్నెండేళ్ళలో అయిపోయేలా ఉంది. తిరుగు ప్రయాణంలో ఇదే వాదన. భాష పోయినా భోగి నిలిచింది కదా అని మాలో ఒకరు. భోగి కథ మనవలకి ఏ భాషలో చెబుతారని ఇంకొకరు. సెరెంబాన్ దాటినా తేలలేదు.

ఇంతలో వెనకసీట్లోంచి ప్రశ్న, తెలుగులోనే: "మన పెద్దలంటే ఎవరు నాన్నా?" తద్దినంలో చెప్పే మూడు పేర్లు దాటి మాకు తెలియవు. ఇంటికి రాగానే గుంటూరు ఫోన్ చేశాం. తాతగారు ఐదో తరం దాకా చెబుతూ ఉంటే అమ్మాయి నోటుపుస్తకంలో రాసుకుంది, ఇంగ్లీషు అక్షరాల్లో.