ఎవరి ఊళ్లో ఎవరిని కాలుస్తారు?

2015 ఏప్రిల్ 7న, ఒక్క రోజులో, రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులు 25 మందిని కాల్చి చంపారు. చిత్తూరు జిల్లా శేషాచలం అడవిలో 20 మంది. నల్లగొండ జిల్లా ఆలేరు దగ్గర ఐదుగురు. మొదటివాళ్లు ఎర్రచందనం నరకడానికి తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు. వాళ్లలో చాలామంది కొండప్రాంతాల ఆదివాసులు. రెండోవాళ్లు వరంగల్ జైలు నుంచి హైదరాబాదు కోర్టుకు తీసుకెళ్తున్న విచారణ ఖైదీలు, ముస్లిం యువకులు. కూలీలు రాళ్లతో, గొడ్డళ్లతో మీదికొచ్చారని ఒకచోట చెప్పారు. ఖైదీలు తుపాకి లాక్కోబోయారని ఇంకోచోట చెప్పారు. చేతులకు బేడీలతో వ్యాను సీట్లలోనే ఒరిగిపోయిన ఆ యువకుల ఫోటోలు మర్నాటి పత్రికల్లో మనమందరం చూశాం. అడవి కథను ప్రశ్నార్థకం చేసింది ప్రాణాలతో మిగిలిన ఒక కూలీ. తోటి కూలీలను పోలీసులు బస్సులోంచి దింపి తీసుకుపోయారని, తాను ఒక స్త్రీ పక్క సీట్లో కూర్చుని ఉండటం వల్ల మొగుడూ పెళ్లాలనుకుని వదిలేశారని ఆయన చెప్పాడు. బస్సులో పట్టుకున్నవాళ్లు అడవిలో ఎదురుకాల్పుల్లో ఎలా చనిపోయారు?

ఎన్‌కౌంటర్ వార్త వచ్చినప్పుడల్లా మనం సంఖ్య దగ్గర ఆగిపోతాం. ఎంతమంది అన్నది తెలియాల్సిందే. కానీ ఈ సంచిక కోసం పాత నిజనిర్ధారణ నివేదికలు, పత్రికల కత్తిరింపులు ముందేసుకుని కూర్చున్నప్పుడు నన్ను ఎక్కువగా కలవరపరచింది ఎక్కడ, ఎవరిని అన్న సంగతి. పోలీసు కాల్పుల్లో చావులకు ఒక భూగోళం ఉంది. అది నేరాలు ఎక్కువగా జరిగే చోట్ల పటం అనుకుంటే పొరపాటు. ఎక్కడి మనుషుల మాటకు విలువ లేదో, ఎవరి శవం కోసం ఎవరూ వచ్చి నిలదీయరని పోలీసులకు నమ్మకముందో ఆ చోట్ల పటం అది.

శ్రీకాకుళంతో మొదలుపెడదాం. 1969, 70 సంవత్సరాల్లో ఏజెన్సీలో గిరిజన పోరాటాన్ని అణచడానికి వాడిన పద్ధతే ఆ తర్వాత రాష్ట్రమంతటికీ నమూనా అయింది. 1969 డిసెంబర్ 22న సుబ్బారావు పాణిగ్రాహితో పాటు పంచాది నిర్మలను కూడా చంపి ఎదురుకాల్పులన్నారు. ఎమర్జెన్సీ వచ్చిన నెలలోనే, 1975 జూలైలో, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకుల్ని చంపారు. ఎమర్జెన్సీ పోయాక తార్కుండే కమిటీ ఊరూరా తిరిగి సాక్ష్యాలు సేకరించి, ఇవి ఎదురుకాల్పులు కావు, హత్యలని తేల్చింది. ప్రభుత్వం భార్గవ కమిషన్‌ను వేసింది. ఆ విచారణ చివరిదాకా సాగలేదు.

1980లకు వచ్చేసరికి ఈ పటం గోదావరి వెంట ఉత్తర తెలంగాణకు జరిగింది. కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ జిల్లాల్లో ప్రతి మండలంలోనూ ఒక స్తూపమో, స్తూపం కూల్చిన గుర్తో ఉన్న కాలం అది. చనిపోయేవాళ్లు దళిత, వెనుకబడిన కులాల కూలీల పిల్లలు, గోండులు, కోయలు. 1989లో గ్రేహౌండ్స్ ఏర్పడ్డాక, 1990ల చివరికల్లా ఏటా వందకు పైగా మరణాలు మామూలైపోయాయి. ప్రకటన మాత్రం ఒకటే మూస. నమ్మకమైన సమాచారం మేరకు గాలిస్తుండగా, లొంగిపొమ్మని హెచ్చరించినా వినకుండా కాల్పులు జరపగా, ఆత్మరక్షణ కోసం... ఊరి పేరు, మృతుల సంఖ్య మారిస్తే చాలు. ఆ ప్రకటనలను వరసగా చదివితే విసుగొస్తుంది. ఆ విసుగే పోలీసులకు పెద్ద అండ అని నాకనిపిస్తుంది.

ఆ ఉద్యమం నదులు దాటి బస్తర్‌కు పోయింది. తుపాకులూ దాని వెంట పోయాయి. 2017 జనవరి నుంచి 2022 జనవరి దాకా ఐదేళ్లలో దేశంలో 655 మంది పోలీసు ఎన్‌కౌంటర్లలో చనిపోయారని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. అందులో ఛత్తీస్‌గఢ్‌లోనే 191. ఉత్తరప్రదేశ్‌లో 117. తర్వాత అస్సాంలో 50. అంటే దేశం మొత్తం మీద దాదాపు సగం చావులు రెండే రాష్ట్రాల్లో. ఒకప్పుడు ముందు వరసలో ఉన్న మన రెండు రాష్ట్రాలు ఈ పట్టికలో బాగా కిందికి దిగాయి. పోలీసులకు బుద్ధొచ్చిందనుకోవడానికి నాకు ఆధారాలేమీ కనిపించలేదు. ఉత్తరప్రదేశ్‌లో చిన్న నేరస్తులు, అస్సాంలో డ్రగ్స్ కేసుల్లో, పశువుల దొంగతనం కేసుల్లో పట్టుబడినవాళ్లు, బస్తర్‌లో ఆదివాసులు. ప్రాంతాన్ని బట్టి మనిషి మారతాడు, నేరం పేరు మారుతుంది.

బస్తర్ మనకు దూరమేమీ కాదు. బీజాపూర్ జిల్లా ములుగు, భూపాలపల్లి జిల్లాల సరిహద్దు. ఆ జిల్లాలోని సార్కెగూడలో 2012 జూన్ 28 రాత్రి 17 మందిని చంపారు, వాళ్లలో పిల్లలున్నారు. చనిపోయినవాళ్లు మావోయిస్టులనడానికి ఆధారం లేదని జస్టిస్ అగర్వాల్ కమిషన్ చెప్పడానికి ఏడేళ్లు పట్టింది. 2013 మేలో ఎడెస్మెట్టలో విత్తనాల పండుగ చేసుకుంటున్న జనం మీద కాల్చి ఎనిమిది మందిని చంపినప్పుడూ అంతే. నివేదికలు వస్తాయి, అసెంబ్లీలో పెడతారు. తర్వాత శిక్షల మాట ఎక్కడా వినపడదు.

పోలీసులు మాత్రం చనిపోవడం లేదా అని అడిగేవాళ్లుంటారు. చనిపోతున్నారు. మందుపాతరల్లో చనిపోయిన కానిస్టేబుళ్లు కూడా పేదింటి పిల్లలే, వాళ్ల భార్యల కష్టం కూడా మన కష్టమే. కానీ కాల్చింది మావోయిస్టులైతే కేసు ఉంటుంది, దర్యాప్తు ఉంటుంది, నిందితుల పేర్లు ఉంటాయి. కాల్చింది పోలీసులైతే చనిపోయినవాడి మీదే హత్యాయత్నం కేసు పెడతారు. నిందితుడు మరణించాడు కాబట్టి కేసు మూసేస్తారు.

అడవులు, ఆయుధాలు లేనిచోట కూడా ఈ పటం ఉంది. అక్కడ కాల్పులు జనం గుంపుల మీద, భూమి తగాదా ఉన్నచోట జరుగుతాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద కాల్చారు. ప్రభుత్వ లెక్కకు 13 మంది, జనం లెక్కకు అంతకు ఎన్నో రెట్లు. అక్కడ స్తూపం దగ్గర నివాళులర్పించడానికి కూడా ఏళ్ల తరబడి 144వ సెక్షన్ అడ్డం పెట్టారు. 2007 జూలై 28న ఇళ్లస్థలాల కోసం, భూమి కోసం అడిగిన ముదిగొండలో ఏడుగురు. 2010 జూలై 14న సోంపేట, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి. మళ్లీ శ్రీకాకుళం జిల్లానే. బీలను థర్మల్ ప్లాంట్లకు ఇవ్వొద్దని అడ్డం నిలబడ్డ రైతులూ మత్స్యకారులూ, వాళ్లలో ముందు వరసలో ఉన్నది ఆడవాళ్లు. విశాఖలోనో, విజయవాడలోనో నగరం నడిబొడ్డున స్థలం తగాదా వస్తే పోలీసులు తుపాకి తీయరు. ఎందుకు తీయరో అందరికీ తెలుసు.

ఇప్పుడు మనం తప్పించుకోలేని విషయానికి వస్తాను. ఇంతవరకు చెప్పిన కాల్పులు ఏవీ మన పేరు మీద జరగలేదు. రెండు మాత్రం అచ్చంగా స్త్రీల రక్షణ పేరు మీదే జరిగాయి. 2008 డిసెంబర్‌లో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ దాడి జరిగింది. మూడు రోజులకే ముగ్గురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపారు. 2019 నవంబర్ 27న శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగింది. డిసెంబర్ 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితుల్ని చంపారు. వరంగల్‌లో ఎస్పీగా ఉన్న అధికారే ఇక్కడ కమిషనర్. రెండుచోట్లా కథ ఒక్కటే. ఆధారాల కోసం తీసుకెళ్లాం, తిరగబడ్డారు, కాల్చాం.

ఆ ఉదయం నాకు వచ్చిన ఫోన్లలో సగం సంతోషంతో చేసినవి. పోలీసుల మీద పూలు చల్లారు, రాఖీలు కట్టారు. ఆ అమ్మాయి తల్లిదండ్రుల దుఃఖం ముందు మాట్లాడటానికి నోరు రాదు, నిజమే. ఆడపిల్లల తల్లుల కోపాన్ని నేను తక్కువ చేయను. కోర్టుల్లో ఏళ్ల తరబడి అవమానాలు పడిన స్త్రీలను మనం దగ్గరుండి చూసినవాళ్లం. అయితే ఒకటి ఆలోచించండి. అత్యాచారం చేసినవాడు ఎమ్మెల్యే కొడుకో, కాంట్రాక్టరో, పోలీసో అయిన కేసు ఒక్కదాంట్లోనైనా ఎన్‌కౌంటర్ జరిగిందా? 2007లో విశాఖ ఏజెన్సీ వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు స్త్రీలు చెప్పారు. వాళ్లు పదహారేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. 2023లో నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. దర్యాప్తు సరిగా జరగలేదని కోర్టే చెప్పి, ఆ స్త్రీలకు పరిహారం ఇమ్మంది. ఆ కొండకు ఏ పూలూ చేరలేదు.

చటాన్‌పల్లి నిజం బయటపడటానికి కారణం కూడా స్త్రీలేనని చాలామందికి తెలియదు. ఆ సాయంత్రమే మహిళా, హక్కుల కార్యకర్తలు తెలంగాణ హైకోర్టుకు వినతిపత్రం ఇచ్చారు. కోర్టు శవాలను భద్రపరచమంది. ఆ తర్వాత ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు వచ్చి రెండోసారి పోస్ట్‌మార్టం చేశారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. పోలీసులు చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పదిమందిని హత్యానేరం కింద విచారించాలని అది చెప్పింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. నలుగురిలో ఒకడి భార్య అప్పటికి గర్భవతి, తనూ చిన్నపిల్లే.

చట్టం లేదనడానికి లేదు. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఫిర్యాదు మీదే జాతీయ మానవ హక్కుల కమిషన్ 1997 మార్చిలో అన్ని రాష్ట్రాలకూ మార్గదర్శకాలు పంపింది. ప్రతి ఎన్‌కౌంటర్ మరణానికీ పోలీసుల మీద కేసు నమోదు చేయాలని 2009 ఫిబ్రవరిలో మన హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. పోలీసు అధికారుల సంఘం వెళ్లగానే సుప్రీంకోర్టు ఆ ఏడాదే దాన్ని నిలిపివేసింది. 2014 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టే 16 సూత్రాలు చెప్పింది. ఎఫ్ఐఆర్ ఉండాలి, సీఐడీయో వేరే స్టేషన్ పోలీసులో దర్యాప్తు చేయాలి, మేజిస్ట్రేట్ విచారణ జరగాలి, బంధువులకు వెంటనే తెలపాలి, కాల్చినవాళ్లకు వెనువెంటనే ప్రమోషన్లు, పతకాలు ఇవ్వకూడదు. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. అవి పనిచేయడం మొదలయ్యేది శవాన్ని అడిగే మనిషి ఉన్నప్పుడే.

ఆ అడిగే పని ఎప్పుడూ ఆడవాళ్ల మీదే పడుతోంది. శేషాచలం మృతుల్లో ఒకరి భార్య హైకోర్టుకెళ్లింది, అందువల్లే కొన్ని శవాలకు రెండో పోస్ట్‌మార్టం జరిగింది. 1990లలో పోలీసులు శవాలను ఇవ్వకుండా తామే తగలబెట్టేవారు. ఆస్పత్రి మార్చురీల ముందు కూర్చుని, కొడుకు శవాన్ని ఊరికి తెచ్చుకునే హక్కును పోరాడి గెలిచింది తల్లులే. ఆ హక్కూ మళ్లీ చేజారుతోంది. 2025 మే 21న అబూజ్‌మాడ్‌లో నంబాల కేశవరావుతో సహా 27 మందిని చంపారు. శ్రీకాకుళం జిల్లా నుంచి ఆయన కుటుంబం శవం కోసం ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్లింది. చివరికి నారాయణ్‌పూర్‌లోనే దహనం చేసేశారు. రాజకీయాలు ఎవరికి నచ్చినా నచ్చకపోయినా, శవాన్ని ఇంటికి పంపడానికి ప్రభుత్వానికి వచ్చిన కష్టమేమిటో నాకు అర్థం కాలేదు.

మన జిల్లా సంఘాలు చేయగలిగిన చిన్న పని ఒకటుంది. ఎన్‌కౌంటర్ జరిగిన కొన్ని వారాలకు ఆర్డీఓ పేరుతో పత్రికల జిల్లా పేజీల్లో నాలుగు వరసల ప్రకటన వస్తుంది. సంఘటన గురించి తెలిసినవాళ్లు ఫలానా తేదీలోగా ఫలానా ఆఫీసుకు వచ్చి వాంగ్మూలం ఇవ్వొచ్చని. ఎవరూ రాలేదని రాసుకుని ఆ విచారణ ముగించేస్తారు. చదువు రాని తల్లికీ భార్యకూ ఆ ప్రకటన వచ్చిన సంగతే తెలియదు. మీకు అలాంటిది కనబడితే కత్తిరించి, పత్రిక పేరు, తేదీ రాసి మా కార్యాలయానికి పంపండి. గడువు దగ్గర్లో ఉంటే పంపుతూ కూర్చోకుండా ఆ కుటుంబం దగ్గరికి మీరే వెళ్లండి. ఆర్డీఓ ఆఫీసు దాకా ఆ తల్లికి తోడుగా ఇద్దరు ఆడవాళ్లుంటే చాలు.