మూలనున్న బ్యాటరీ



కల్లాల్లో మిరపకాయ ఎండుతున్న రోజుల్లో చిలకలూరిపేట దగ్గరి ఒక పల్లెకు వెళ్ళాము. మాకు మజ్జిగ ఇచ్చిన సహోదరి, పొదుపు సంఘం తరపున డ్రోనుతో మందు కొట్టడం నేర్చుకున్నది. "మందు కొట్టే పని అయిపోయిందండీ. బ్యాటరీలు నిండా ఛార్జింగు పెట్టి భద్రంగా దాచాను" అని సంతోషంగా చూపించింది. అది రేకుల గది. ధర వస్తుందని ఆపుకున్న పత్తి గోడవారన పోసి ఉన్నది. పక్కనే పిల్లల మంచం. ఆ మంచం క్రింద నాలుగు బ్యాటరీలు!

ఆమె అజాగ్రత్త గల మనిషి కాదు. ఇంట్లో ట్రాక్టరు ఉన్నది. దాని బ్యాటరీ సీసమూ, యాసిడ్డూ గలది. దిగిపోయిన దానిని అట్లాగే వదిలేస్తే పాడవుతుంది గనుక ఎప్పుడూ నిండుగా ఉంచాలి. ఆ అలవాటునే ఆమె డ్రోను బ్యాటరీకీ పాటించింది. కాని ఇది లిథియం పాలిమర్ బ్యాటరీ. దీని గుణం వేరు.

ఇందులో పలుచని సంచుల వంటి సెల్లులు ఉంటాయి. ఒక్కొక్క సెల్లు నిండితే 4.2 వోల్టులు. నిండుగా ఉంచి నెలల తరబడి కదపకపోతే లోపలి ద్రవం కొద్దికొద్దిగా చెడి వాయువు పుట్టి, సంచి ఉబ్బుతుంది. ఎండ వేడిమి తోడైతే ఇది మరింత త్వరగా జరుగుతుంది. మే నెలలో మన రేకుల గదులు ఎట్లా కాగుతాయో చెప్పనక్కరలేదు. పూర్తిగా దిగిపోయినా ప్రమాదమే. 3 వోల్టులకు లోపల చాలాకాలం పడి ఉన్న సెల్లును మళ్ళీ ఛార్జి చేస్తే లోలోపలే షార్టు కావచ్చు.

గనుక సగం దగ్గర ఆపాలి. సెల్లుకు 3.8 మొదలు 3.85 వోల్టులు. ఆరు సెల్లుల బ్యాటరీ అయితే మొత్తం సుమారు 23 వోల్టులు, పన్నెండు సెల్లులదైతే 46. చాలా ఛార్జర్లలో 'స్టోరేజి' అనే ఏర్పాటు ఉంటుంది. అది నొక్కితే ఛార్జరే అక్కడ ఆపుతుంది. వారం పది రోజులు పని లేదని తెలిసినప్పుడు కూడా ఇట్లాగే చేయాలి.

2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఇంట్లో ఛార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒక ఇంటి యజమాని చనిపోయాడు. అదీ లిథియం జాతిదే. పక్కన పత్తి ఉంటే ఏమవుతుందో, మిరప టిక్కీలు అంటుకుంటే ఆ ఘాటులో మనిషి ఎట్లా బయటపడతాడో, ఈ ప్రాంతం వారికి మేము వివరించాలా?

బ్యాటరీని డ్రోనులోనుండి తీసి, కొసలకు మూతలు పెట్టండి. పాత ట్రంకుపెట్టె అడుగున ఇసుక పోసి అందులో ఉంచండి. ఇనుము తగలకుండా మధ్య మధ్య ఇటుకలు పెట్టండి. పెట్టెకు తాళం బిగించవద్దు; వాయువు పుడితే బయటికి పోవడానికి దారి కావాలి. నీడగల వసారా మంచిది. వాకిలికి అడ్డంగా మాత్రం వద్దు. మంటలు లేస్తే మనం పరుగెత్తవలసిన దారి అదే గదా. నెలకొకసారి చేతితో తడిమి, వోల్టులు చూచుకోండి.

ఉబ్బినదానికి ఛార్జింగు పెట్టవద్దు, సూదితో పొడవవద్దు, పాత ఇనుము కొనేవానికి అమ్మవద్దు. ఆరుబయట నేలమీద ఉంచి, కొన్నచోటికి కబురు చేయండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదే. పొగ వస్తే చేతితో తీయబోకండి, ఆ పొగ విషం. పిల్లలను బయటికి పంపి 101కి ఫోను చేయండి. దూరంనుండి నీళ్ళు ధారాళంగా పోస్తే వేడి తగ్గుతుంది; చెంబెడు నీళ్ళు చాలవు.

2023 నవంబరులో కేంద్రం ఆమోదించిన డ్రోన్ దీదీ పథకం 15,000 మహిళా సంఘాలను ఉద్దేశించినది. ఎగరవేయడం నేర్పేవారు దాచడం కూడా అంత శ్రద్ధగా నేర్పితే బాగుండును.

మేము లేచేసరికి ఆ సహోదరి అత్తగారు తన పెళ్ళినాటి ట్రంకుపెట్టె ఖాళీ చేస్తున్నారు. చీరలు మంచం మీదికి చేరాయి. "ఇసుక ఎంత పొయ్యాలే అమ్మాయ్?" అని లోపలినుండి కేక వేశారు.